పశువుల్లో కండరాల దెబ్బ: సీకే, ఏఎస్టీ రిపోర్టు చదివే పద్ధతి

“సార్, సీపీకే రెండు వేల ఎనిమిది వందలు వచ్చింది. బర్రె లేస్తదా, లేవదా?”

సీపీకే అంటే కండరాల దెబ్బను చూపే రక్తపరీక్ష. ఇలా దాని రిపోర్టు ఫోటో పెట్టి అడిగే మెసేజ్‌లు దేవరకొండ నుంచి, నారాయణపేట నుంచి, నకిరేకల్ నుంచి తరచూ వస్తాయి. నేను తిరిగి మూడే ప్రశ్నలు అడుగుతాను. బర్రె ఎప్పటి నుంచి పడి ఉంది? రక్తం ఎన్ని గంటలకు తీశారు? అంతకుముందు కండకు సూదులు వేశారా? ఈ మూడింటికి జవాబు లేకపోతే 2,800 అనే సంఖ్యతో ఏమీ చెప్పలేను.

పల్లెల్లో తిరిగే పశువైద్యులు, వెటర్నరీ అసిస్టెంట్లు, గోపాలమిత్రలు, ఇంట్లో కుక్కనో పిల్లినో పెంచుకునేవాళ్లు రిపోర్టును చేతిలో పట్టుకుని చదువుకోవడానికి వీలుగా ఇది రాస్తున్నాను.

## 1. ఏ ఎంజైమ్ ఎంతసేపు ఉంటుంది?

కండరాల కణం పగిలితే లోపలి ఎంజైమ్‌లు రక్తంలోకి కారతాయి. మనకు ముఖ్యంగా కావాల్సినవి రెండు.

సీకే (మనుషుల ల్యాబుల్లో ‘సీపీకే’ అని రాస్తారు): ఇది ఎక్కువగా కండరానిదే. దెబ్బ తగిలిన కొన్ని గంటల్లోనే పైకి లేస్తుంది, సుమారు 4 నుంచి 12 గంటల్లో శిఖరానికి చేరుతుంది. దెబ్బ ఆగిపోతే అంతే వేగంగా దిగుతుంది. చాలా పశువుల్లో రెండు మూడు రోజుల్లో మామూలుకు వస్తుంది.

ఏఎస్టీ (పాత పేరు ఎస్‌జీఓటీ): కండరంలోనూ కాలేయంలోనూ ఎర్రకణాల్లోనూ ఉంటుంది. నెమ్మదిగా పెరిగి, నెమ్మదిగా తగ్గుతుంది. ఆవులు, బర్రెల్లో రోజుల తరబడి నిలుస్తుంది. గుర్రంలో సగానికి తగ్గడానికే వారం పడుతుంది. కుక్కలో దాదాపు ఒక రోజులోపే సగమవుతుంది. పిల్లిలో అయితే గంటన్నర చాలు, అందుకే ‘సీకే తగ్గింది, ఏఎస్టీ ఇంకా ఉంది, కాబట్టి పాత దెబ్బ’ అనే లెక్క పిల్లికి పనికిరాదు.

ఎల్‌డీహెచ్ అనే ఇంకో ఎంజైమ్ దాదాపు ప్రతి అవయవంలోనూ ఉంటుంది. రక్తం కాస్త చిట్లినా పెరుగుతుంది. డబ్బులు తక్కువగా ఉన్న రైతుకు ఈ పరీక్ష నేను రాయను.

ఏఎల్టీ (ఎస్‌జీపీటీ) కుక్కలో, పిల్లిలో ప్రధానంగా కాలేయానిది. కానీ కండరం బాగా దెబ్బతింటే అదీ పెరుగుతుంది. మూర్ఛలు వచ్చిన కుక్కకు ఏఎల్టీ ఎక్కువ ఉందని నెలల తరబడి లివర్ టానిక్ తాగించిన కేసులు చూశాను. పక్కన సీకే చేయించి ఉంటే సంగతి ఆ రోజే తేలిపోయేది.

## 2. సిరంజి తీయకముందే రాసుకోవాల్సినవి

ఈ చిన్న జాబితా రిపోర్టు కంటే ఎక్కువ పని చేస్తుంది. కేసు కాగితం వెనకే రాయండి:

- పశువు పడిపోయింది, లేదా కుంటడం మొదలైంది ఎప్పుడు: తేదీ, గంట
- ఈనిందా? ఎప్పుడు? ఈత కష్టమైందా, దూడను లాగారా?
- గత మూడు రోజుల్లో కండకు ఏ సూదులు, ఎన్ని, ఎక్కడ
- ఆటోలోనో ట్రాలీలోనో తీసుకొచ్చారా? ఎంతసేపు?
- కట్టేసి పడేశారా? ఎంత పెనుగులాడింది?
- మేత మానేసి ఎన్ని రోజులు
- మూత్రం రంగు
- రక్తం తీసిన గంట

మూడో ప్రశ్నకు రైతు మొదట “ఏం వేయలేదు సార్” అంటాడు. కొట్టం మూలన ఖాళీ సీసాలు కనిపిస్తాయి. “గవి గాదు సార్, మొన్న రాత్రి రెండు సూదులు ఏసిన్రు, బలం సూదులు” అని అప్పుడు చెబుతాడు. బలం సూదైనా, యాంటీబయాటిక్ అయినా, కండలో పడ్డ మందు అక్కడి కణాలను కొంత చంపుతుంది. ఆక్సీటెట్రాసైక్లిన్ వంటి మంట పెట్టే మందు అయితే ఇంకా ఎక్కువ. సీకే ఒకటి రెండు రోజులు పైనే ఉంటుంది.

అందుకే నియమం ఒక్కటే: ముందు రక్తం, తర్వాతే సూది.

## 3. రక్తం తీయడం

తప్పులు ఎక్కువగా జరిగేది ఇక్కడే కాబట్టి కాస్త నిదానంగా చదవండి.

1. బర్రె, ఆవు, గొర్రె, మేక అయితే మెడ నరం (రక్తం ప్రవహించే సిర) నుంచి తీయండి. పెద్ద పశువుకు 16 లేదా 18 నంబరు సూది. సన్న సూదితో గట్టిగా లాగితే ఎర్రకణాలు చిట్లుతాయి.
2. ఒక్క గుచ్చులో నరం దొరకాలి. సూదిని కండలో అటూ ఇటూ తిప్పి వెతికితే కండ రసం సిరంజిలోకి వస్తుంది, సీకే అబద్ధంగా పెరుగుతుంది. రెండోసారి కూడా దొరకకపోతే సూది మార్చి, మెడ రెండో వైపుకు వెళ్లండి.
3. ఎర్ర మూత మామూలు ట్యూబు లేదా పసుపు మూత జెల్ ట్యూబు, లేకపోతే ఆకుపచ్చ మూతది, అంటే హెపారిన్‌ది వాడండి. ఊదా మూతది వద్దు. అందులోని ఈడీటీఏ సీకే పనిచేయడానికి కావాల్సిన మెగ్నీషియాన్ని పట్టేస్తుంది. షుగర్ కోసం వాడే బూడిద రంగు మూతదీ వద్దు.
4. సిరంజికి సూది తీసేసి, ట్యూబు గోడ వెంట నిదానంగా వదలండి. సూదితోనే మూత గుచ్చి పిచికారీ కొట్టినట్టు నొక్కకండి.
5. కుదపకండి. నీడలో అరగంట నిలువుగా ఉంచితే గడ్డ కడుతుంది.
6. సెంట్రిఫ్యూజ్ (రక్తం ట్యూబును గిరగిరా తిప్పే మిషన్) ఉంటే అక్కడే సీరం (గడ్డ కట్టాక పైన తేరే నీరు) వేరు చేసి ఐస్ బాక్సులో పెట్టండి. లేకపోతే రక్తపు ట్యూబును గుడ్డలోనో కాగితంలోనో చుట్టి పెట్టండి. ఐస్ గడ్డ నేరుగా తగిలితే రక్తం చిట్లిపోతుంది.
7. ఆ రోజే పరీక్ష జరగాలి. వెలుతురు, వేడి తగిలితే సీకే శక్తి కోల్పోతుంది.

ఒక మే నెలలో అచ్చంపేట వైపు పల్లెలో తీసిన శాంపిల్‌ను బైక్ డిక్కీలో వేసుకుని మహబూబ్‌నగర్ దాకా తెచ్చాను. సీరం దానిమ్మ రసం రంగుకు తిరిగింది. ఏఎస్టీ విపరీతంగా వచ్చింది. పాపం, ఆ మేకకు కాలేయం చెడిందని యజమానికి చెప్పాను. మరుసటి రోజు శుభ్రంగా తీసి చూస్తే ఏఎస్టీ దాదాపు మామూలుగా ఉంది. అప్పటి నుంచి సీరం రంగు చూడకుండా రిపోర్టు చదవను. ఎర్రబడిన సీరంలో ఏఎస్టీ, ఎల్‌డీహెచ్ ఎర్రకణాల నుంచి వస్తాయి. ఎర్రకణాల్లో సీకే ఉండదు గానీ, వాటి నుంచి వచ్చే ఇంకో ఎంజైమ్ పరీక్షలో జొరబడి సీకేనూ పెంచి చూపిస్తుంది.

## 4. ల్యాబుకు చెప్పాల్సినవి

మన ఊళ్లలో శాంపిల్ చాలాసార్లు మనుషుల డయాగ్నస్టిక్ సెంటర్‌కే వెళ్తుంది. తప్పేమీ లేదు, మిషన్ ఒకటే. కానీ మూడు జాగ్రత్తలు కావాలి.

రిపోర్టులో అచ్చయిన నార్మల్ మనిషిది. మనిషికి ఏఎస్టీ 40 లోపు ఉండాలి. ఆరోగ్యంగా ఉన్న ఆవుకు వంద చుట్టుపక్కల ఉంటుంది. గుర్రానికి 250, 300 కూడా మామూలే. అదే సంఖ్య కుక్కలో వస్తే కంగారు పడాల్సిందే. రిపోర్టులో ‘హెచ్’ గుర్తు ఉందని బర్రెకు జబ్బు అంటగట్టకండి. సీకే అయితే ఆరోగ్యంగా ఉన్న పశువుకు చాలా ల్యాబుల్లో రెండు మూడు వందల లోపే వస్తుంది, కానీ పద్ధతిని బట్టి మారుతుంది. ఆరోగ్యంగా ఉన్న నాలుగైదు పశువుల రక్తం అదే ల్యాబులో ఒకసారి చేయించి రాసి పెట్టుకోండి. మీకు అదే కొలబద్ద.

సీకే-ఎంబీ (మనుషుల్లో గుండె కండరం దెబ్బకు చేసే పరీక్ష) చేయించకండి. ఆ పరీక్షలో వాడే యాంటీబాడీ మనిషి సీకే కోసం తయారైంది. పశువులో వచ్చిన అంకెతో గుండెజబ్బు అని చెప్పలేం. గుండె కండరం మీద అనుమానం ఉంటే, ఉదాహరణకు గాలికుంటు వచ్చిన దొడ్డిలో చిన్న దూడలు ఉన్నట్టుండి చనిపోతుంటే, ట్రోపోనిన్-ఐ దొరుకుతుందేమో అడగండి.

సంఖ్య మిషన్ హద్దు దాటితే పలచన చేయమనండి. సీరం ఒక వంతుకు సెలైన్ తొమ్మిది వంతులు కలిపి మళ్లీ పెట్టి, వచ్చిన సంఖ్యను పదితో గుణించాలి. ‘2,000కు పైన’ అని రాసిచ్చి వదిలేస్తే రేపటి రిపోర్టుతో పోల్చడానికి మనకు ఏమీ మిగలదు.

అడగాల్సిన పరీక్షలు: సీకే, ఏఎస్టీ, కాలేయం కోసం జీజీటీ, మూత్రపిండాల కోసం క్రియాటినిన్, యూరియా. ఈనిన బర్రె అయితే కాల్షియం, ఫాస్ఫరస్. బాగా పడిపోయిన పశువుకు పొటాషియం కూడా. పగిలిన కండరం నుంచి పొటాషియం రక్తంలోకి వస్తే గుండె లయ తప్పుతుంది.

## 5. రిపోర్టు చదివే వరుస

మొదట సీరం రంగు. ఎర్రగా ఉంటే ఆగండి, మళ్లీ తీయండి.

రెండోది రెండో విభాగంలో రాసుకున్న సూదులు, ప్రయాణం, పెనుగులాట. సీకే మామూలుకు రెండు మూడు రెట్లే ఉండి, వీటిలో ఒకటైనా ఉంటే దాన్ని జబ్బుగా లెక్కించకండి. సూదులు వేయకుండానే వేలల్లోకి వెళ్తే నిజమైన దెబ్బ. పదివేలు దాటితే పెద్ద కండరాలు పెద్ద ఎత్తున చచ్చాయి.

మూడోది సీకేను, ఏఎస్టీని పక్కపక్కన పెట్టండి.

- సీకే ఎక్కువ, ఏఎస్టీ మామూలు: దెబ్బ కొన్ని గంటల కిందటిది, లేదా చిన్నది.
- రెండూ ఎక్కువ: దెబ్బ ఒకటి రెండు రోజులదై ఇంకా సాగుతోంది.
- సీకే మామూలు, ఏఎస్టీ ఎక్కువ: కండరం మానుతోంది, లేదా కాలేయం. ఇక్కడ జీజీటీ చూడండి. కండరంలో జీజీటీ ఉండదు కాబట్టి అది పెరిగితే కాలేయం వైపు వెళ్లండి.
- రెండూ మామూలు: కండరం చావడం లేదు. కానీ కండరం బాగుందని దీనర్థం కాదు. నరం దెబ్బతిని నెమ్మదిగా ఎండిపోయే కండరం సీకేను పెంచదు.

నాలుగోది 24 గంటలకు, 48 గంటలకు మళ్లీ తీయండి. ఒకే రిపోర్టుతో చెప్పే జోస్యం నాకు నమ్మకం లేదు. రైతు రెండోసారి ఖర్చు పెట్టలేడంటే మొదటి రోజు రక్తం మానేసి, 24 గంటల తర్వాతదే చేయించమంటాను, అదే ఎక్కువ చెబుతుంది. ఆ ఒక్కసారికి సూదుల చరిత్ర మాత్రం తప్పకుండా కావాలి.

## 6. లేవలేని బర్రె: ఒక లెక్క

నాకు ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే కాబట్టి అంకెలతో చూపిస్తాను. ఇవి లెక్క అర్థం కావడానికి వేసుకున్నవి.

బర్రె రాత్రి ఈనింది. తెల్లారి లేవలేదు.

- మొదటి రోజు పొద్దున 8: సీకే 1,900, ఏఎస్టీ 105
- రెండో రోజు: సీకే 7,600, ఏఎస్టీ 390
- మూడో రోజు: సీకే 2,400, ఏఎస్టీ 520
- నాలుగో రోజు: సీకే 700, ఏఎస్టీ 480

మొదటి రోజు ఏఎస్టీ కదలలేదు, అంటే కండరం దెబ్బ తాజాది. పాలజ్వరమో (ఈనాక కాల్షియం పడిపోవడం) ఈత కష్టమో బర్రెను పడేసింది, కండరాల సంగతి ఆ తర్వాత మొదలైంది. రెండో రోజుకు సీకే నాలుగు రెట్లయింది. అయిదు వందల కిలోల బరువు ఒకే తొడ మీద గంటల తరబడి ఆనితే ఆ కండకు రక్తం అందదు, అది చచ్చిపోతుంది. ఇక్కడే ఇసుక పరుపు వేసి, మూడు నాలుగు గంటలకోసారి పక్క మార్చడం మొదలుపెట్టారనుకోండి. మూడో రోజు సీకే మూడో వంతుకు పడింది.

చాలామంది కంగారుపడేది ఈ మూడో రోజే. ఏఎస్టీ 390 నుంచి 520కి వెళ్లిందని “ముదిరింది” అంటారు. ముదరలేదు. ఏఎస్టీ నిన్నటి దెబ్బను ఇవాళ చూపిస్తోంది. సీకే పడుతుంటే, బర్రె తింటూ చెవులు ఆడిస్తుంటే చికిత్స ఆపకండి. నాలుగో రోజుకు అదీ దిగడం మొదలైంది.

దీనికి భిన్నంగా సీకే రోజురోజుకూ 8,000, 9,500, 11,000 అంటూ ఎక్కుతూ, ఏఎస్టీ వెయ్యి దాటిపోతుంటే కండరం ఇంకా చస్తూనే ఉంది. ముందు పరుపు చూడండి. సిమెంటు బండ మీదే పడుకోబెట్టి కాల్షియం బాటిళ్ల మీద బాటిళ్లు ఎక్కించడం వల్ల లాభం లేదు. తుంటి ఎముకలకు బిగించే ఇనుప క్లాంపులతో గంటల తరబడి వేలాడదీసినా సీకే పెరుగుతుంది. ఆ కండను చంపింది మన పనిముట్టే.

నడుము కింది నరం దెబ్బతిని కాళ్లు ఎడంగా పోయే బర్రెలో మొదటి గంటల్లో సీకే పెద్దగా పెరగదు. ఈనగానే తీసిన రక్తం ఉంటే ఆ తేడా పట్టుకోవచ్చు.

## 7. మన దగ్గర కనిపించే కొన్ని కేసులు

జబ్బవాపు. వానలు పడ్డాక, ఏపుగా ఉన్న ఆరు నెలల నుంచి రెండేళ్ల దూడ ఒక్కసారిగా కుంటి, తొడ వాచి, నొక్కితే చిటపటలాడితే ల్యాబు కోసం ఎదురుచూడొద్దు. సీకే వేలల్లో వస్తుందని ముందే తెలుసు. రిపోర్టు వచ్చేలోపు దూడ పోతుంది. పెన్సిలిన్ వెంటనే మొదలుపెట్టండి. మిగతా మందకు టీకా సంగతి చూడండి.

కసివింద. చెల్క గట్ల మీద పెరిగే ఈ మొక్క కాయలు, గింజలు మేతలో కలిస్తే కండరాలను తినేస్తాయి. పశువు తెలివిగా చూస్తుంది, మేత తింటుంది, కానీ లేవలేదు. మూత్రం ముదురు రంగులో వస్తుంది. సీకే, ఏఎస్టీ రెండూ బాగా ఎక్కువగా ఉంటాయి. మందలో రెండు మూడు ఒకేసారి పడితే మేతకుప్పను చేత్తో తిరగేసి చూడండి. విటమిన్ ఈ, సెలీనియం సూదితో ఇది తగ్గుతుందని ఆశ పెట్టుకోవద్దు.

పిల్లల బిగుసు నడక. గొర్రెపిల్ల, మేకపిల్ల వెన్ను వంచి కాళ్లు బిగదీసి నడుస్తూ, సీకే బాగా ఎక్కువుంటే విటమిన్ ఈ, సెలీనియం లోపాన్ని లెక్కలోకి తీసుకోండి. మోతాదు మాత్రం తూకం వేసి ఇవ్వండి. సెలీనియం ఎక్కువైతే అదే విషం.

ఫ్లోరోసిస్. మర్రిగూడ, మునుగోడు వైపు పళ్లు మచ్చలు పడి, కీళ్లు బిగిసి కుంటే పశువుల్లో జబ్బు ఎముకలది. సీకే మామూలుగానో కాస్త పైనో ఉంటుంది. కుంటుడు ఎంత ఉన్నా సీకే లేవకపోతే నోరు తెరిచి పళ్లు చూడండి, బోరు నీళ్ల గురించి అడగండి.

కుక్కలు. మే ఎండలో వడదెబ్బ తగిలినా, మూర్ఛలు వచ్చినా సీకే బాగా పెరుగుతుంది. పగిలిన కండరం మూత్రపిండాలను దెబ్బతీయొచ్చు కాబట్టి ఒక్కరోజులో రెండుసార్లు క్రియాటినిన్ చూడండి.

పిల్లులు. రెండు మూడు రోజులు తినకపోయినా పిల్లి సీకే పెరుగుతుంది. వెనక కాళ్లు ఒక్కసారిగా చల్లబడి, గోళ్లు నీలంగా మారి, సీకే ఆకాశాన్నంటితే రక్తనాళంలో గడ్డ అడ్డుపడింది. ఆ రాత్రే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

ఊరేగింపు గుర్రాలు. నెలలు కట్టేసి ఉంచి పెళ్లిళ్ల సీజన్‌లో ఒక్కసారిగా తిప్పితే తుంటి కండ రాయిలా బిగుస్తుంది. పని చేసిన 4 నుంచి 6 గంటలకు రక్తం తీస్తే సీకే స్పష్టంగా తెలుస్తుంది.

## 8. మూత్రం కాఫీ రంగులో ఉంటే

కండరం పగిలినప్పుడు దాని ఎర్ర రంగు పదార్థం, మయోగ్లోబిన్, మూత్రంలోకి వస్తుంది. బర్రెల్లో బబేసియా (పిడుదుల వల్ల వచ్చే జబ్బు) వచ్చినా, ఈనాక ఫాస్ఫరస్ తగ్గినా కూడా మూత్రం ఎర్రబడుతుంది. తేడా తెలుసుకోవడం తేలికే:

1. మూత్రాన్ని గాజు ట్యూబులో పోసి అరగంట నిలబెట్టండి. అడుగున ఎర్రటి మడ్డి దిగి పైన తేటగా ఉంటే అది నెత్తురు.
2. మడ్డి దిగకుండా మొత్తం రంగుగానే ఉండి, డిప్‌స్టిక్ (మూత్రంలో ముంచే పరీక్ష పట్టీ) మీద నెత్తురు గడి రంగు మారితే సీరం చూడండి.
3. సీరం గులాబీ రంగులో ఉంటే ఎర్రకణాలు చిట్లుతున్నాయి. సీరం తేటగా ఉండి, సీకే వేలల్లో ఉంటే కండరం.

కండరం అని తేలితే సెలైన్ ముందు, నొప్పి సూది తర్వాత. నీళ్లు తగ్గిన పశువుకు మెలాక్సికామో ఫ్లునిక్సినో వేస్తే మయోగ్లోబిన్‌తో ఇబ్బంది పడుతున్న మూత్రపిండాలకు ఇంకో దెబ్బ తగులుతుంది.

## 9. తరచూ జరిగే పొరపాట్లు, సర్దుబాట్లు

- సూదులు వేశాక రక్తం తీశారు. పారేయకండి. రిపోర్టు మీద సూదుల గంట రాసి, కండకు ఇంకేమీ వేయకుండా 48 గంటలకు మళ్లీ తీయండి. మందులు నరానికో చర్మం కిందో ఇవ్వగలిగితే ఇవ్వండి.
- రెండు రోజులు రెండు ల్యాబులు. పద్ధతి, వేడి మారితే సంఖ్య మారుతుంది. తగ్గిందో పెరిగిందో పోల్చకండి. మూడో శాంపిల్ నుంచి ఒకే ల్యాబుకు పంపండి.
- కుక్క పెనుగులాడి నరం దొరకలేదు. పావుగంట విడిచిపెట్టి, వేరే కాలి నుంచి తీసి, ‘కష్టంగా తీశాం’ అని కాగితం మీద రాయండి.
- దారి దూరం, సెంట్రిఫ్యూజ్ లేదు. మొబైల్ వెటర్నరీ వ్యాన్ కోసం 1962కు ఫోన్ చేసి శాంపిల్ తీసుకెళ్లే వీలుందేమో అడగండి. లేకపోతే గడ్డ కట్టిన ట్యూబు నుంచి పైన తేరిన సీరాన్ని కొత్త సిరంజితో నెమ్మదిగా లాగి, వేరే ట్యూబులో వేసి చల్లగా పంపండి.
- సీకే దిగింది గానీ బర్రె లేవడం లేదు. కండరం వదిలేసి నరాలు, తుంటి కీలు, ఎముక విరుపు వెతకండి. మలద్వారంలో చెయ్యి పెట్టి కటి ఎముకలను తడుముతూ, ఇంకొకరితో కాలు కదిలించమనండి. విరిగితే కటకట శబ్దం చేతికి తెలుస్తుంది.